ఇంటి నాభి: అప్‌డేటు తరువాత మూగబోయిన పెట్టెల కథ

హబ్బు అన్న ఇంగ్లీషు మాటకు అసలు అర్థం బండిచక్రం మధ్యనుండే నాభి. చక్రం ఆకులన్నీ వచ్చి అక్కడే కూడుకుంటాయి. ఇరుసు దానిలోనుంచే పోతుంది. ఆకు ఒకటి విరిగితే బండి ఎలాగో ఊరు చేరుతుంది. నాభి పగిలితే మాత్రం ఉన్నచోటనే దిగిపోవాలి. ఇంట్లోని దీపాలను, తాళాలను, సెన్సర్లను ఒకచోట కలిపే చిన్న పెట్టెకు ఈ పేరు పెట్టినవారు ఆ సంగతి తలచుకొని పెట్టారో లేదో గాని, పేరు చక్కగా అతికింది.

ఈ పెట్టె చెడిపోయే తీరుల్లో ఒకటి నాకు ప్రత్యేకంగా ఆసక్తికరం. కిందపడి పగలదు, తడిసి పాడవదు, పాతబడి అరగదు. రాత్రి పడుకొనేవరకు పనిచేసి, మనం నిద్రలో ఉండగా తయారీదారు పంపిన అప్‌డేటును (నవీకరణ అనండి) ఎక్కించుకొని, తెల్లవారేసరికి మూగబోతుంది. దీనికి మందు చెప్పే జాబితాలకు కొదువలేదు. తొందరపడకండి, రూటరు చూడండి, గడియారం చూడండి, అన్నిటినీ చెరిపివేసే రీసెట్ బొత్తాన్ని చివరిదాకా ముట్టుకోకండి అంటాయి. ఇవి ఎవరో కూర్చొని కల్పించిన నియమాలు కావు. వీటిలో చాలావాటి వెనుక ఒక ఊరూ, ఒక తేదీ, ఆ రోజు చలిలోనో గుమ్మం బయటనో నిలబడిపోయిన మనుషులూ ఉన్నారు. ఆ కథలు తెలియకుండా జాబితాను మాత్రమే అనుసరించటం, రోగమేమిటో అడగకుండా మాత్ర మింగటం వంటిదని నా అభిప్రాయం.

మొదట్లో ఇంటి మెదడు ఇంట్లోనే ఉండేది. 1960ల నడుమ అమెరికాలోని పిట్స్‌బర్గులో వెస్టింగ్‌హౌస్ సంస్థ ఇంజనీరు జిమ్ సదర్లాండ్, వాడకం తీరిపోయిన భాగాలను పోగుచేసి తన ఇంటికోసం ఒక కంప్యూటరు కట్టాడు. దానికి ఎకో-4 అని పేరు. బరువు దాదాపు 800 పౌన్లు. ఇంట్లోని గడియారాలను నడిపింది, టీవీని అదుపులో పెట్టింది. అది చెడితే ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న ఆ ఇంట్లో పుట్టలేదు. కట్టినవాడే ఇంటి యజమాని.

తరువాత వచ్చిన ఎక్స్-10 కథ మీద కాస్త నిలబడాలి. స్కాట్లండులో గ్లెన్‌రోథెస్ అనే ఊళ్ళో పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ ఉండేది. కాలిక్యులేటర్ల చిప్పులు తయారుచేసేవారు. 1975లో వారు మొదలుపెట్టిన పదో ప్రాజెక్టు గనుక దానికి ఆ పేరు వచ్చింది. కొత్త తీగలు లాగకుండా, గోడల్లో ఉన్న కరెంటు తీగలమీదనే సందేశాలు పంపటం వారి ఆలోచన. ఇళ్ళకు వచ్చే విద్యుత్తు ఏకరీతిగా ప్రవహించదు. సెకనుకు 50 సార్లో 60 సార్లో అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపులో వోల్టేజి సున్నాను దాటే క్షణం ఒకటి ఉంటుంది. ఆ నిశ్శబ్దపు క్షణంలో 120 కిలోహెర్ట్‌జుల చిన్న కూత వేస్తే ఒకటి, వేయకపోతే సున్న. పదహారు ఇంటి అక్షరాలు, పదహారు పరికరపు అంకెలు, వెరసి 256 చిరునామాలు. 1978లో ఇది అమెరికా దుకాణాల్లోకి వచ్చింది.

ఎక్స్-10కు లోపాలు లేవని కాదు. దీపం వెలిగిందా లేదా అన్న జవాబు తిరిగి రాదు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న పక్కింటివారు అదే అక్షరం పెట్టుకుంటే వారి బొత్తాం నొక్కితే మన దీపం వెలుగుతుంది. కొత్తగా కొన్న టీవీ ఒకటి ఆ కూతను మింగివేస్తుంది. కాని ఈ లోపాలన్నీ గోడల మధ్యనే ఉండేవి. ఒక్కొక్క ప్లగ్గునూ పీకి చూస్తూ పోతే దొంగ ఎక్కడో దొరుకుతాడు. పైగా గోడకు తగిలించిన ఆ మాడ్యూలుకు అప్‌డేటు అన్న మాటే తెలియదు. 1978లో ఏం నేర్చుకొని పుట్టిందో చచ్చేదాకా అదే దాని చదువు.

1990ల చివర డెన్మార్కులో జెన్‌సిస్ సంస్థ జెడ్-వేవ్ అనే రేడియో భాషను రూపొందించింది. 2004 డిసెంబరులో జిగ్బీ ప్రమాణం ఖరారైంది. ఇవి రెండూ చిన్న శక్తితో మాట్లాడే రేడియోలు. గుండీ బ్యాటరీతో సంవత్సరాలు బతకవలసిన సెన్సరు వైఫైలో మాట్లాడలేదు, అంత తిండి దానికి చాలదు. ఈ రేడియోలు ఒకదాని మాట ఒకటి అందుకొని ముందుకు పంపుతాయి. ఎప్పుడూ కరెంటు ఉండే బల్బు పక్కన ఉన్న సెన్సరుకు తపాలా బంట్రోతుగా పనిచేస్తుంది. ఈ రేడియోలకూ ఇంటర్నెట్టుకూ మధ్య దుబాసీ కావాలి గనుక హబ్బు పుట్టింది. (అమెరికానుంచి బంధువులు పెట్టెలో తెచ్చే జెడ్-వేవ్ హబ్బు మన దేశంలో కొన్న పరికరాలతో మాట్లాడదు. అక్కడ అది 908 మెగాహెర్ట్‌జుల మీద నడుస్తుంది, ఇక్కడ 865 మీద. ఏ అప్‌డేటూ దీన్ని బాగుచేయలేదు.)

2011 చలికాలంలో అలెక్స్ హాకిన్సన్ అనే ఆయనకు కొలరాడో కొండల్లో ఉన్న ఇంట్లో, ఎవరూ లేని సమయంలో కరెంటు పోయి, గొట్టాలలో నీరు గడ్డకట్టి, అవి పగిలి ఇల్లంతా పాడయింది. దూరంనుంచి ఆ సంగతి తెలిసే వీలుంటే ఈ నష్టం తప్పేది కదా అన్న ఆలోచనలోంచి స్మార్ట్‌థింగ్స్ పుట్టింది. 2012లో ప్రజలనుంచి చందాలు అడిగితే పన్నెండు లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. 2014 ఆగస్టులో శాంసంగ్ ఆ సంస్థను కొన్నది.

నా దృష్టిలో ఈ చరిత్ర మలుపు తిరిగినది ఇక్కడ. దూరంలో ఉన్న యజమానికి కబురు చేరాలంటే మధ్యలో సర్వరు ఉండాలి, అంతవరకు న్యాయమే. కాని సర్వరు ఎలాగూ ఉన్నది కదా అని ఆలోచనంతా అక్కడికే తరలించారు. తొలి స్మార్ట్‌థింగ్స్ హబ్బులో సొంత బుద్ధి చాలా తక్కువ. తలుపు తెరిస్తే దీపం వెలగాలన్న నియమం ఇంట్లో ఉండేది కాదు. తలుపు సెన్సరు హబ్బుకు చెప్పాలి, హబ్బు సర్వరుకు చెప్పాలి, సర్వరు ఆలోచించి తిరిగి హబ్బుకు చెప్పాలి, అప్పుడు ఆరు అడుగుల దూరంలో ఉన్న దీపం వెలగాలి. 2015లో వచ్చిన రెండో హబ్బులో కొంత ఆలోచన ఇంటికి తిరిగి వచ్చింది గాని, అప్పటికి పరిశ్రమ అంతా ఆ దారి పట్టింది.

దాని ఫలం 2015 ఏప్రిల్‌లో కనబడింది. వింక్ అనే సంస్థ హబ్బులు ఒక శనివారం నాడు తమ సర్వరుతో మాట్లాడటం మానివేశాయి. దొంగ సర్వర్లను దగ్గరకు రానీయకూడదని పెట్టుకున్న భద్రత ఏర్పాటే అడ్డం తిరిగి, అసలు సర్వరును కూడా పరాయివాడిగా చూసింది. ఇందులో ఉన్న చిక్కు చూడండి: దోషాన్ని సరిచేసే అప్‌డేటును పంపటానికి ఉన్న ఒకే ఒక దారి, ఆ దోషం మూసివేసిన దారే. పెట్టెను తిరిగి పంపితే బాగుచేసి ఇస్తామన్నారు. తరువాత, రూటరులో డీఎన్ఎస్ చిరునామాను మార్చుకొని ఇంట్లోనే సరిచేసుకొనే ఉపాయం చెప్పారు. "అప్‌డేటు తరువాత కలవకపోతే రూటరు అమరికలు చూడండి" అన్న సలహా చదివినప్పుడల్లా నాకు ఈ శనివారం గుర్తుకువస్తుంది.

గడియారం సంగతి కూడా దీనికి చుట్టమే. సర్వరు చూపే గుర్తింపు పత్రానికి గడువు తేదీలుంటాయి. చాలాసేపు కరెంటు లేక లేచిన హబ్బు తాను 1970లో ఉన్నానని భ్రమపడితే, నిన్నగాక మొన్న ఇచ్చిన పత్రం దానికి ఇంకా పుట్టనిదిగా కనిపిస్తుంది. 2021 సెప్టెంబరు 30న దీనికి తిరగబడిన రూపం జరిగింది. ఎన్నో వెబ్ సర్వర్లకు ఆధారంగా ఉన్న ఒక మూల పత్రం గడువు ఆ రోజుతో తీరిపోయింది. కొత్త మూల పత్రం అప్‌డేటుగా అందని పాత పరికరాలు కొన్ని ఆ రోజునుంచి సర్వర్లను నమ్మటం మానాయి. అవి చెడింది అప్‌డేటు వచ్చి కాదు, రాక.

2016 జనవరిలో జరిగినది ఇంకా తీవ్రం. నెస్ట్ థర్మోస్టాటు హబ్బు కాదు గాని, చాలా ఇళ్ళలో నాభి స్థానం దానిదే. డిసెంబరులో ఒక అప్‌డేటు వచ్చింది. అందులోని దోషం రెండుమూడు వారాలు నిద్రపోయి, సరిగ్గా జనవరి చలిలో లేచింది. బ్యాటరీలు ఖాళీ అయి, ఇళ్ళలో వేడిమి ఆగింది. పసిపిల్లలున్న ఇళ్ళు తెల్లవారుజామున గడ్డకట్టాయి. దోషం డిసెంబరు అప్‌డేటుదేనని, జనవరిదాకా బయటపడలేదని సంస్థ స్థాపకుల్లో ఒకరైన మాట్ రోజర్స్ ఒప్పుకున్నాడు. గోడమీదనుంచి ఊడదీసి, తీగతో పావుగంట ఛార్జి చేసి, తిరిగి తగిలించి, బొత్తాం నొక్కి, ఇలా తొమ్మిది మెట్ల విధానం చెప్పారు. వృద్ధులు ఆ తొమ్మిది మెట్లు ఎలా ఎక్కారో! "నిన్న ఏం మారింది" అని మాత్రమే అడిగితే చాలదని, "ఈ నెలరోజుల్లో ఏం మారింది" అని అడగాలని ఈ సంఘటన నేర్పింది.

2017 ఆగస్టులో లాక్‌స్టేట్ అనే సంస్థ, ఒక మోడలు తాళాలకోసం రాసిన సాఫ్టువేరును పొరపాటున మరో మోడలుకు పంపింది. దాదాపు 500 తాళాలు మళ్ళీ సర్వరుతో మాట్లాడలేని స్థితికి వచ్చాయి. అద్దెకు గదులిచ్చేవారి గుమ్మాలమీద ఉన్న తాళాలవి. వెనుకభాగం ఊడదీసి పోస్టులో పంపితే వారం, కొత్త తాళం కావాలంటే రెండు వారాలు దాటి. ఇనుప తాళంచెవి ఉన్నవారు మాత్రం ఎప్పటిలాగే లోపలికి వెళ్ళారు.

ఇంత జరిగాక, అప్‌డేటులే వద్దని గిరిగీసుకు కూర్చుంటే పోలేదా అంటే, పోదు. 2016 అక్టోబరు 21న మిరాయ్ అనే పురుగు పట్టిన వేలాది కెమెరాలు, రూటర్లు, రికార్డర్లు కలిసి డిన్ అనే సంస్థ మీద విరుచుకుపడి, అమెరికాలో ఎన్నో పెద్ద సైట్లను గంటల తరబడి అందకుండా చేశాయి. అమ్మి మరిచిపోయిన పరికరాలు, కర్మాగారంలో పెట్టిన సంకేతపదాన్ని అలాగే ఉంచుకున్నవి. యజమాని అనుమతి అడగకుండా రాత్రిపూట అప్‌డేటులు దించే అలవాటును సమర్థించేవారు ముందుగా చూపించేది ఇటువంటి దాడులనే. వారి వాదన తోసివేయదగినది కాదు.

అప్‌డేటును భద్రంగా దించే పద్ధతీ ఉన్నది. జ్ఞాపకాన్ని రెండు గదులుగా చేస్తారు. ఒక గదిలో పాత వ్యవస్థ నడుస్తుండగా రెండో గదిలో కొత్తది పరుస్తారు. తిరిగి లేచినప్పుడు కొత్త గదిలోంచి లేస్తుంది. లేవలేకపోతే పాత గదికి తనంతట తానే వెనక్కి పోతుంది. ఈ సర్దుబాటుకు సమయం పడుతుంది, పెట్టె రెండుమూడుసార్లు ఆగి లేస్తుంది. దీపం మిణుకుతున్నప్పుడు ప్లగ్గు పీకవద్దని చెప్పేది అందుకే. అటువంటప్పుడు అరగంట చేతులు కట్టుకొని కూర్చోవటం కూడా మరమ్మతే.

మా ఇంట్లో ఒక హబ్బు ఉన్నది. దాని తయారీదారు పేరు ఇక్కడ అప్రస్తుతం. నాన్నగారికి ఎనభైనాలుగేళ్ళు. రాత్రి లేచినప్పుడు స్విచ్చి వెదుక్కోకుండా నడవలో దీపం దానంతట అదే వెలిగేలా కదలికను పసిగట్టే సెన్సరు ఒకటి పెట్టాను. ఒక రాత్రి అప్‌డేటు వచ్చింది, దీపం వెలగలేదు. ఆయన గోడ పట్టుకొని నిదానంగా నడిచారు గనుక ఏమీ కాలేదు. ఉదయం ఫోనులో సహాయకేంద్రంవారు మొదటి వాక్యంలోనే "రీసెట్ చేసేయండి సార్" అన్నారు. నేను చేయలేదు. పైన చెప్పిన కథలన్నీ చదివి ఉండటంవల్ల కలిగిన లాభం ఇదొక్కటే.

హబ్బులో ఉండే అసలు ఆస్తి దాని రేడియో రహస్యపు తాళంచెవి, ఇంట్లోని పరికరాల పట్టిక. రీసెట్ చేస్తే ఆ రెండూ పోతాయి. బల్బులు, సెన్సర్లు మాత్రం పాత తాళంచెవినే పట్టుకొని, పోయిన యజమానికోసం పిలుస్తూనే ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ చేతికి తీసుకొని పాతది మరిపించి కొత్తది నేర్పాలి. ముప్పై పరికరాలుంటే ఒక ఆదివారం సరి.

కనుక పొరలు పొరలుగా వెతికాను. రూటరు జాబితాలో హబ్బు ఉన్నది, పిలిస్తే పలుకుతున్నది. అంటే కరెంటు, తీగ బాగున్నాయి. ఫోనులోంచి నడవ దీపాన్ని వెలిగిస్తే వెలిగింది. అంటే సర్వరు, హబ్బు, రేడియో మూడూ బాగున్నాయి. మిగిలింది సెన్సరు. అది ఏ బల్బు ద్వారా కబురు పంపేదో ఆ బల్బును ఎవరో గోడ స్విచ్చి దగ్గర ఆపి ఉంచారు. హబ్బు కొత్తగా లేచాక సెన్సరు మరో దారి వెదుక్కోలేకపోయింది. దాన్ని పట్టికలోంచి తీసివేయకుండానే, హబ్బును చేర్చుకొనే స్థితిలో పెట్టి, సెన్సరు బ్యాటరీ తీసి వేసి మళ్ళీ కలిపాను. పుట్టుకతో వచ్చిన చిరునామా అదే గనుక హబ్బు పాత చుట్టాన్ని గుర్తుపట్టింది. నియమాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన నాన్నగారు ఇదంతా కుర్చీలో కూర్చొని చూస్తున్నారు. "ఒరే, మా రోజుల్లో ఫ్యూజు పోతే కిట్‌కాట్ ఊడదీసి చూసేవాళ్ళం. నీ దీపం ఫ్యూజు ఏ ఊళ్ళో ఉందిరా?" అన్నారు. నవ్వాను గాని, ఇంత సూటిగా ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళి ప్లగ్గుకు తగిలించే మామూలు రాత్రి దీపం ఒకటి తెచ్చి నడవలో పెట్టాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది, సెన్సరు పనిచేస్తున్నా సరే.

పెట్టెలో ఎంత వెతికినా దొరకని జబ్బు మరొకటి ఉంది. 2015 డిసెంబరులో ఫిలిప్స్ హ్యూ హబ్బుకు వచ్చిన అప్‌డేటు తరువాత ఇతర కంపెనీల బల్బులను కొత్తగా చేర్చుకోవటం కుదరలేదు. అది దోషం కాదు, నిర్ణయం. కొన్నవారు గోల చేస్తే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2016 మే 15న రివాల్వ్ అనే హబ్బు ఆగిపోయింది. ఏడు రేడియోలతో, 300 డాలర్ల ధరకు, జీవితాంతం సేవ ఉంటుందన్న మాటతో అమ్మినది. 2014లో నెస్ట్ ఆ సంస్థను కొని, తరువాత దాని సర్వరును మూసివేసింది. పెట్టెలన్నీ నిక్షేపంలా ఉన్నాయి. పని మాత్రం చేయవు. అమెరికా వాణిజ్య కమిషను విచారణ మొదలుపెట్టి, అమ్ముడైనవి కొన్నేనని, డబ్బు తిరిగి ఇస్తున్నారని చెప్పి జులైలో చర్య లేకుండా ముగించింది. ఎవరి జీవితాంతం అన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆరిపోయాయి. ఎక్స్-10 వారసత్వాన్ని మోసుకొచ్చిన పరికరాలవి. కరెంటు తీగమీదా రేడియోమీదా రెండింటా మాట్లాడేవి. అందువల్ల స్విచ్చికీ దీపానికీ మధ్య నేరుగా కట్టిన బంధాలు పనిచేస్తూనే ఉన్నాయి, హబ్బు మాత్రం పోయింది. ఆ రోజుల్లో తెలిసినవారందరూ ఒకరికొకరు చెప్పుకున్న మాట ఒక్కటే: రీసెట్ చేయకండి. చెరపని హబ్బును ఇంట్లోనే నడిచే హోం అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్టువేరుతో (పౌలుస్ షౌట్‌సెన్ 2013లో మొదలుపెట్టినది) బతికించుకోవచ్చు. చెరిపినదాన్ని మళ్ళీ నిలబెట్టటానికి మూతపడిన ఆ సర్వరే కావాలి. ఆత్రపడి బొత్తాం నొక్కినవారే ఎక్కువ నష్టపోయారు. రెండు నెలల తరువాత ఆ పరికరాలు వాడేవారే కొందరు కూడి సంస్థను కొని, సర్వర్లను తిరిగి లేపారు. ఇంత పొడుగు కథలో ఇటువంటిది నాకు ఇదొక్కటే తగిలింది.

ఇటీవల చట్టాలు కదిలాయి. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29నుంచి, ఇంటర్నెట్టుకు తగిలే పరికరానికి భద్రత అప్‌డేటులు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారు ముందే చెప్పాలి. యూరపు కూటమి చట్టం 2024 డిసెంబరులో అమలులోకి వచ్చింది. దాని ముఖ్య నిబంధనలు 2027 డిసెంబరు 11నుంచి వర్తిస్తాయి. పరికరం ఆయుష్షు అంతకన్న తక్కువైతే తప్ప, కనీసం అయిదేళ్ళు అండగా ఉండాలన్నది అందులో ఒకటి. అయిదేళ్ళంటే మన గోడలో స్విచ్చిబోర్డు వయస్సులో ఏపాటి!

మా హబ్బు వచ్చిన అట్టపెట్టెను అటకమీదనుంచి దించి ఆరువైపులా చూశాను. ధర ఉంది, తయారైన నెల ఉంది, తడి తగలనీయవద్దన్న గొడుగు బొమ్మ ఉంది. ఎంతకాలం అప్‌డేటులు ఇస్తారన్న తేదీ లేదు.